ఎర్ర చుక్క దగ్గర ఆగిన తూము

జ్యేష్ఠ బహుళ చవితి

నిన్న అత్తగారి పెద్దకర్మ అయింది. ఆచారం ప్రకారం ఈ రోజు ఇంటి పెట్టె నా చేతికి వచ్చింది. ఇకనుంచి పద్నాలుగో తూము నమోదు నేనే రాయాలి.

పొద్దున్నే తలంటుకుని, పెట్టె మూత మీది ఉప్పు పొరను కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. తూము కోడ్ అంతా చదివాను. మా అత్త అప్పలకొండ ఇరవై ఆరేళ్ళు చూసుకున్న కోడ్ అది. ఎక్కడా చెత్త లేదు. ఆవిడ పోపులపెట్టె కూడా అలాగే ఉండేది.

తర్వాత కోడ్ మొత్తాన్ని గట్టు పెట్టెకు పంపాను. గట్టు ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు, సముద్రంలో ఉంది. అక్కడి పెట్టెకు తెర లేదు, మీటలూ లేవు. ఆ గాలికి ఏ ఫోనూ ఆరు నెలలు బతకదు. కాబట్టి రాసేది ఇంట్లో, నడిచేది అక్కడ. మధ్యలో నీళ్ళ అడుగున ఒక తీగ. ఇల్లాలు మారినప్పుడు గట్టు మీద ఉన్నదంతా తుడిచి ఇంటి ప్రతిని కొత్తగా ఎక్కించడం మా పద్ధతి. తీగ మీదుగానైనా సరే, గట్టు పెట్టెలో ఎవరూ నేరుగా ఒక్క అక్షరం కూడా రాయకూడదు. అందుచేత రెండు ప్రతులూ ఎప్పుడూ ఒకటేనని అందరి నమ్మకం. పోల్చి చూసే అలవాటు ఎవరికీ లేదు.

మధ్యాహ్నం తలుపు ఒకసారి దిగి లేచాక, "పాతది తుడిచాను. కొత్తది ఎక్కింది" అని తెర మీద వచ్చింది.

నా ఆడపడుచు నూకరత్నం గుమ్మంలో కూర్చుని గీకుడు కత్తికి పదును పెడుతోంది. "ఇంక నీ రాజ్యమన్నమాట వదినా. తలుపు నా నెత్తి మీద వెయ్యకేం" అంది.

"వంటకి వంకలు పెట్టడం మానితే వెయ్యను."

"అయితే నాకు చావే గతి" అని నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం ఇదే మొదలు.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

మిద్దె మీది సౌర పలకలు కడిగాను. తాగునీళ్ళు ఆరు బిందెలు వచ్చాయి. ఒక బిందె ఉప్పగా ఉంటే వెనక్కి పంపాను.

తూము రెండు పూటలా సరిగ్గా నడిచింది. ఆటు సమయంలో తలుపు ఎత్తి ఊరి మురుగునీటిని, వాన నీటిని సముద్రంలోకి వదలడం, పోటు వచ్చి బయటి నీరు ఎర్ర గీతను తాకగానే తలుపు దించడం దాని పని. దించకపోతే ఉప్పునీరు కాలవలోకి వస్తుంది. కాలవ చివర నారుమళ్ళు, తాగునీటి మడుగు ఉన్నాయి.

తలుపు దిగే గాడిలో గుల్లలు పెరుగుతాయి. వాటిని గీకకపోతే తలుపు కుదురుగా కూర్చోదు. అమావాస్యకి, పౌర్ణమికి ఆటు బాగా తీసినప్పుడు తూము లోపలికి దిగి గీకాలి. పద్నాలుగో తూములో ఆ పని రత్నానిది, పద్దెనిమిదేళ్ళుగా. వాళ్ళన్న, అంటే మా ఆయన (గురువులు ఆయన పేరు), పడవలో తీసుకెళ్ళి బయట కాచుకుంటారు.

జ్యేష్ఠ బహుళ నవమి

పని నేర్చుకోవాలంటే పాత రీడింగులను మళ్ళీ నడిపి చూడటం మంచిదని అత్త అనేవారు. నిరుటి రీడింగులన్నీ ఇంటి పెట్టెలో నడిపించాను. వచ్చిన జవాబులను అప్పట్లో గట్టు పంపిన రిపోర్టులతో పోల్చాను.

అన్నీ కలిశాయి, ఐదు రోజులు తప్ప.

మాఘ పౌర్ణమి నాడు బయటి నీరు గీతను తాకింది 3:52కి. మా ఇంటి కోడ్ ప్రకారం తలుపు 3:52కే దిగాలి. గట్టు మీద అది నిజంగా దిగింది 4:01కి. మిగతా నాలుగు రోజుల్లోనూ అంతే, ఆరు నిమిషాల నుంచి పదకొండు నిమిషాల దాకా ఆలస్యం. ఐదూ గీకుడు రోజులే. ఐదు రోజుల్లోనూ పోటు, పట్టికలో ఉన్న టైముకంటే ముందే వచ్చింది.

అన్నం తింటున్నప్పుడు రత్నాన్ని అడిగాను. "పోటు ముందొచ్చిన రోజున నీకెలా తెలుస్తుంది?"

"బూర ఊదుతాది కదా. మూడుసార్లు. అది వినగానే కొక్కెం మీంచి సంచి తీసుకుని వచ్చీడమే." పులుసు కలుపుకుంటూ అంది. "ఉప్పు చాల్లేదు వదినా. చుట్టూ సముద్రం పెట్టుకుని ఇదేం పిసినారితనం?"

బూర గట్టు వాళ్ళు ఏర్పాటు చేసినదే అయి ఉంటుందనుకున్నాను. ఆ ఆలస్యం సంగతి మాత్రం మింగుడుపడలేదు.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

రెండు పెట్టెల గడియారాల్లో తేడా ఉందేమోనని చూశాను. ఒక్క సెకను కూడా లేదు.

ఆ ఐదు రోజుల రీడింగులను గట్టు పెట్టె మీదే నడిపి చూడాలి. దానికి గట్టు పెద్ద సన్యాసినాయుడు గారి అనుమతి కావాలి. వెళ్ళాను. ఆయన వరండాలో వల బాగుచేసుకుంటూ విన్నారు.

"ఇంటి రాత, గట్టు రాత ఒకటే అమ్మా. తేడా ఉండదు" అన్నారు.

"ఉంది బాబూ. కాగితం తెచ్చాను."

కాగితం చూసి పక్కన పెట్టారు. "అమావాస్య నాడు ఆటు తీశాక తలుపు ఎత్తేసి ఉంటుంది, పెట్టెకు పని ఉండదు. మధ్యాహ్నం ఒక అరగంట నడిపి చూసుకో. సరేనా?"

"అంతకంటే ముందు కుదరదా?"

"ముప్పయ్యొక్క తూములమ్మా. అందరికీ తొందరే."

జ్యేష్ఠ అమావాస్య

ఉదయం. రత్నంతో, "ఈసారికి మానకూడదా? నాకు ఒక లెక్క తేలలేదు" అన్నాను.

"గుల్లలు మానుతాయేటి వదినా? పోయిన పౌర్ణమికి అమ్మ పోయిందని వెళ్ళలేదు. ఇప్పుడు గాడి నిండా పేరుకుని ఉంటాయి." చద్దన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పదింటికి పడవెక్కారు. పోటు పట్టిక ప్రకారం నీరు గీతను తాకేది సాయంత్రం 4:10కి.

2:35. అనుమతి వచ్చింది. ఐదు రోజుల రీడింగులను గట్టు పెట్టె మీద నడిపాను. మాఘ పౌర్ణమికి అది ఇచ్చిన జవాబు 3:52.

నిరుడు ఇదే పెట్టె, ఇవే రీడింగులకు 4:01 అంది. ఇప్పుడు 3:52 అంటోంది. మధ్యలో అక్కడ మారింది ఒక్కటే. చవితి నాడు నేను పంపిన ప్రతి. అంటే ఇంట్లో లేనిది ఏదో గట్టు మీద ఉండేది. నేను దాన్ని తుడిచేశాను.

2:50. ఇంటి కోడ్‌లో బూర అన్న మాట కోసం వెతికాను. ఒక్కచోటే ఉంది, రోజూ పొద్దున బూర పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలో. పోటుకు బూర ఊదమని ఎక్కడా లేదు. మరి ఇన్నాళ్ళూ రత్నానికి బూర ఊదింది ఎవరు?

ఆలస్యమైన ఐదు రోజుల కొలతలూ మళ్ళీ తీశాను. తూము లోపలి కొక్కెం మీది బరువు కూడా గట్టు కొలిచి పంపుతుంది; నీరు గీతను తాకేసరికి ఐదు రోజులూ దాని మీద బరువు ఉంది. సంచి బరువు. రత్నం ఇంకా లోపలే ఉంది. కొక్కెం ఖాళీ అయిన మరుక్షణం తలుపు దిగింది.

అప్పుడు అర్థమైంది. అత్త గట్టు పెట్టెలో నేరుగా రాశారు. కొక్కెం మీద బరువుంటే బూర ఊది, బరువు పోయేదాకా ఆగమని రాశారు. నియమం ప్రకారం అది తప్పు కనుక ఇంటి ప్రతిలో పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా.

3:04. బయటి నీరు గీతకు ఒకటిన్నర అడుగు కింద ఉంది. ఈ వేళకు మూడడుగులు ఉండాలి. ఎక్కడో దూరాన వాయుగుండం పట్టినట్టుంది. కొక్కెం మీద తొమ్మిది కిలోలు.

కోడ్ దిద్ది పంపాను. గట్టు పెట్టె తీసుకోలేదు. తలుపు ఒకసారి దిగి లేచాకే కొత్త రాతను తీసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మూడుసార్లు పంపాను.

3:12. పడవలోకి వాళ్ళు ఫోను తీసుకెళ్ళరు, ఇక్కడినుంచి ఎవరైనా వెళ్ళాలంటే గంట పడుతుంది. మిగిలిన దారి ఎర్ర చుక్క. కోడ్‌లో ఒక వరుస పక్కన వేలు పెడితే ఎర్ర చుక్క పడుతుంది. గట్టు మీద నడుస్తున్న పని ఆ వరుస దాకా వచ్చి ఆగిపోతుంది. ఆగి ఉండగా అక్కడి కొలతలు ఇంట్లోంచి అడగవచ్చు. తప్పులు వెతకడానికి పెట్టిన సదుపాయం అది. నిమిషానికోసారి ఇక్కడ మీట నొక్కుతూ ఉండాలి. నొక్కకపోతే ఇంట్లో మనిషి లేడనుకుని పెట్టె చుక్క తీసేసి ముందుకు వెళ్ళిపోతుంది.

'తలుపు దించు' అన్న వరుస పక్కన చుక్క పెట్టాను.

3:21. నీరు గీతను తాకింది. తెర మీద ఆ వరుస వెలిగి, అక్కడే ఆగింది. తలుపు దిగలేదు. ఉప్పునీరు లోపలికి రావడం మొదలైంది.

కొక్కెం బరువు అడిగాను. తొమ్మిది.

3:22. తొమ్మిది.

3:23. రత్నం బూర కోసం చూస్తూ గీకుతూనే ఉంటుంది. దానికి పద్దెనిమిదేళ్ళ నమ్మకం. తూము లోపల చీకటిగా ఉంటుంది, నీరు మోకాళ్ళు దాటినా గుల్లల మీద పడితే ఒళ్ళు తెలీదు. గురువులుకి గీత కనిపించదు, ఆయన పడవ గట్టుకి ఇవతలి వైపు; ఆయనా బూర కోసమే చూస్తారు.

ఆగి ఉన్న పెట్టెను కొలతలు అడగగలిగితే పని కూడా చెప్పవచ్చా? ఎప్పుడూ చేయలేదు. కొలత అడిగే చోట 'బూర పరీక్ష' అని రాసి నొక్కాను.

"పూర్తయింది" అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ. మూడు.

3:26. తొమ్మిది. కాలవ మొదట్లో ఉప్పు కొలత రెండు నుంచి ఐదుకు పెరిగింది.

3:30. తొమ్మిది. ఉప్పు తొమ్మిది. మళ్ళీ మూడు బూరలు.

3:33. పక్కింటామె కిటికీ దగ్గరికొచ్చి, "కాలవ మొదట్లో ఉప్పెక్కుతోందటేంటమ్మా, నీ తలుపు పడలేదా?" అని కేకేసింది. పడలేదన్నాను. "వెయ్యి మరి!" అంది. ఆమె నారుమడి కాలవ పక్కనే. వెయ్యనన్నాను. మీట నొక్కాను.

3:37. ఆరు. తర్వాత తొమ్మిది. కొక్కెం ఊగుతోంది.

3:40. సున్నా.

సున్నా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ సున్నాయే. సంచి తీసిన మనిషి తూము నోటి దగ్గర ఉందో, నీరే సంచిని ఊడబీకిందో నా తెర చెప్పదు. కొక్కెం దగ్గరినుంచి బయటికి పాతిక అడుగులు. నలభై లెక్కపెట్టి చుక్క తీసేశాను. తలుపు దిగింది.

పంతొమ్మిది నిమిషాలు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

పడవ వచ్చింది. రత్నం నడిచే దిగింది. ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి గుల్లలకు చీరుకుపోయింది. వేణ్ణీళ్ళతో కడిగాను. కట్టు కట్టాక అంది:

"బూర ఊదేసరికి నీళ్ళు నడుం దాటున్నాయి వదినా. ఇంత ఆలస్యంగా ఎప్పుడూ ఊదలేదు. ఆ ఒరవడికి కొక్కెం దాకా రావడమే గగనమైపోయింది."

సంగతంతా చెప్పాను. తల్లి రాసింది, నేను తుడిచింది. అది కట్టు ముడి సర్దుకుంది.

"అమ్మ నాతో ఎప్పుడూ ఒకటే అనేది. 'బూర వినకపోతే కాళ్ళు విరగ్గొడతాను' అని. నేనేదో బెదిరింపనుకున్నాను."

మా ఆయన పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆషాఢ శుద్ధ తదియ

కాలవ వెంట నడిచి నష్టం రాసుకున్నాను. ఇరవై రెండిళ్ళ నారు తెల్లబడింది. మడుగు నీళ్ళు వారం దాకా తాగడానికి పనికిరావు. పక్కింటామె నాతో మాట్లాడటం లేదు. ఆమె తప్పేం లేదు.

సన్యాసినాయుడు గారు ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎవరు ఆపారు?"

"నేనే బాబూ."

"ఎర్ర చుక్క పెట్టింది దిద్దుబాటుకి. తలుపు ఆపడానికి కాదు."

"తెలుసు."

అత్త రాసిన సంగతి కూడా చెప్పాను. దాచితే నమోదు రాయడమెందుకు? ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే ఇరవై ఆరేళ్ళు ఊరికి ఉప్పు తాగించిందన్నమాట మీ అత్త!"

లోపల్నుంచి రత్నం వచ్చింది. "చెంబుడు ఉప్పు, పెదనాన్నా. నా ప్రాణం అంత ఖరీదు చెయ్యదేటి?"

"నీ ఒక్కదాని ప్రాణం మీద మూడు పేటల నీళ్ళు పెట్టకూడదే పిల్లా." ఆయన గొంతు తగ్గింది. "ఆరేళ్ళ కిందట తొమ్మిదో తూములో మా తవిటమ్మ పోయినప్పుడు నేను తలుపు ఎత్తమన్నానా? అది పోటు లెక్క తప్పింది. నా భార్య తప్పింది అని పదిమందిలో నేనే చెప్పాను. నియమం అంటే అది."



వెళ్తూ తీర్పు చెప్పారు. పౌర్ణమికి పద్నాలుగో తూము నియమం ప్రకారమే నడవాలి. బరువు చూసి ఆగే వరుసలు ఉండకూడదు. ఒప్పుకోకపోతే తూము వేరే ఇంటికి ఇస్తారు. వాళ్ళు తమ మనిషిని దింపుకుంటారు.

"ఇంకో ఇంటి ఆడది దిగితే మాత్రం అది మనిషి కాదా?" అంది రత్నం, ఆయన వెళ్ళాక. "నేనే దిగుతాను. పోటు లెక్క నేను చూసుకుంటాను."

పోటు లెక్క ఎవరూ చూసుకోలేరు. అమావాస్య నాడు అది పట్టికకంటే నలభై తొమ్మిది నిమిషాలు ముందొచ్చింది. పౌర్ణమికి పన్నెండు రోజులే ఉంది.

ఆషాఢ శుద్ధ షష్ఠి

మధ్యాహ్నం వంటిల్లు సర్దుతుండగా సన్యాసినాయుడు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి చంకలో కాగితాల కట్ట ఉంది. ఈసారి అడక్కుండానే కూర్చున్నారు.

"ఆ రోజు నువ్వు తెచ్చిన కాగితం మా ఇంట్లోనే ఉండిపోయిందమ్మా. నిన్న చూశాను. అలాంటిదే మా తూముకీ వేసి పెట్టు. నాకు కళ్ళు ఆనడం లేదు."

కళ్ళు ఆనే ఉంటాయి. వలలో చిల్లులు ఆయనే వెతుక్కుంటారు. కాగితాల కట్ట అందుకున్నాను.

తొమ్మిదో తూము రిపోర్టులు. ఆయన తల్లి నరసమ్మ చూసుకున్న చివరి ఏడాది, ఆవిడ పోయాక పెట్టె ఈయన చేతికి వచ్చిన ఏడాది. ఇంట్లో వేరే ఆడదిక్కు లేక, భార్య గీకుడుకు వెళ్తుంది కనుక, పెట్టె ఆయనే తీసుకున్నారట. రీడింగులు ఇంటి పెట్టెలో నడిపి, వరుసగా రెండు గడులు గీసి రాశాను. గంటన్నర పట్టింది. ఆయన మంచినీళ్ళు కూడా తాగలేదు.

"చదువు" అన్నారు.

"మీ అమ్మగారి ఏడాదిలో నాలుగు రోజులు తలుపు ఆలస్యంగా దిగింది బాబూ. ఏడు నిమిషాలు, నాలుగు, పన్నెండు, ఐదు. నాలుగూ గీకుడు రోజులే. కొక్కెం మీద బరువుంది."

"తర్వాత?"

"శ్రావణంలో మీరు కోడ్ ఎక్కించారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆలస్యం లేదు."

"భాద్రపద అమావాస్య చదువు."

ఆ తేదీ నాకూ తెలుసు. ఊరందరికీ తెలుసు. అక్కడ ఆపేద్దామా అనిపించింది. కానీ ఆయన అడిగింది నన్ను, నా లెక్క సరిగ్గా ఉంటుందని.

"నీరు గీతను తాకింది 3:47. తలుపు దిగింది 3:47. కొక్కెం మీద పది కిలోలు."

వంటింటి గోడ మీద ఎండ కొంచెం జరిగింది. ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టారు. మళ్ళీ విప్పారు.

"లెక్క తప్పలేదు అది" అన్నారు చివరికి. "బూర కోసం చూస్తూ ఉండిపోయింది."

రత్నం గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మీ అత్తా, మా అమ్మా ఒకే చాప మీద ఎండుచేపలు ఆరబెట్టేవారు. గంటలు గంటలు ఏం మాట్లాడుకుంటారో అనుకునేవాణ్ణి." కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ఆ వరుసలు నీ దగ్గర ఉన్నాయా?"

"నేను కొత్తగా రాశాను. ఏడు వరుసలు. ఇంటి పెట్టెలో వందసార్లు నడిపి చూశాను. గట్టుకు పంపలేదు, మీరు వద్దన్నారు కనుక."

"పంపు."

పంపాను. సాయంత్రం తలుపు దిగి లేచాక గట్టు తీసుకుంది. మడుగు నీళ్ళ సంగతి, పంటల సంగతి పంచాయతీలో తానే మాట్లాడతానన్నారు. ఆగే తూములకు వెనక ఇంకో చిన్న తలుపు కట్టాలని, దానికి రెండేళ్ళు పడుతుందని, అంతవరకు ఉప్పు వల్ల వచ్చే నష్టం ఊరంతా పంచుకోవాలని చెబుతారట. ఒప్పుకోని వాళ్ళు ఉంటారు. పక్కింటామె ఒప్పుకోకపోవచ్చు.

తర్వాత నన్ను వాళ్ళింటికి రమ్మన్నారు. తొమ్మిదో తూములోకి ఇప్పుడు ఆయన తమ్ముడి భార్య దిగుతోంది. ఆయన పెట్టె ముందు నన్ను కూర్చోబెట్టారు. "నా చేతులు ఆడటం లేదు. నువ్వే రాయి."

ఏడు వరుసలూ రాసి, అక్కడే నడిపి చూసి, గట్టుకు పంపాను. ఈ వరుసలు రాసింది ఎవరని పెట్టె పేరు అడిగింది. ఆయన పేరు రాయబోయాను.

"నాది కాదు" అన్నారు. "నీదీ కాదు. బోని నరసమ్మ అని రాయి."

రాశాను. గట్టు ఒప్పుకుంది.